అరైవల్: చూసే ముందు, చూశాక అందరూ అడిగే ప్రశ్నలు

2016లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘అరైవల్’ గురించి ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చూడబోయేవాళ్లు అడిగేవి ఒక రకం: యుద్ధం ఉందా, స్లోగా ఉంటుందా, అర్థమవుతుందా? చూసినవాళ్లు అడిగేవి ఇంకో రకం: ఆ పాప ఎప్పుడు పుట్టింది, లూయీస్ చేసింది న్యాయమేనా, వచ్చినవాళ్లకు ముందే అంతా తెలిస్తే ఎందుకు వచ్చినట్టు? రెండు రకాలకూ ఇక్కడ జవాబులు రాశాను. మొదటి భాగంలో కథ మలుపులేవీ బయటపెట్టలేదు. బయటపెట్టే చోట ముందే చెబుతాను. సినిమా చూడనివాళ్లు దయచేసి అక్కడ ఆగిపోండి.

కథేంటి, క్లుప్తంగా?

భూమ్మీద 12 చోట్ల 12 నౌకలు వచ్చి నిలుస్తాయి. నేలను తాకవు, కాస్త పైన గాల్లో ఆగిపోతాయి. కాల్పులు లేవు, హెచ్చరికలు లేవు, ఏదీ అడగవు. 18 గంటలకోసారి అడుగున ఒక తలుపు మాత్రం తెరుచుకుంటుంది. మోంటానాలో ఆగిన నౌక దగ్గరికి అమెరికా సైన్యం ఇద్దరిని తీసుకెళ్తుంది. ఒకరు భాషాశాస్త్రవేత్త లూయీస్ బ్యాంక్స్, ఇంకొకరు భౌతికశాస్త్రవేత్త ఇయాన్ డానలీ. లోపల, పొగమంచులాంటి తెల్లని వెలుగులో, ఏడు కాళ్ల జీవులు ఉంటాయి. వాటిని హెప్టాపాడ్‌లు అంటారు. అవి ఎందుకు వచ్చాయో కనుక్కోవాలి. కనుక్కోవాలంటే అడగాలి, అడగాలంటే ముందు భాష రావాలి. సినిమాలో ఎక్కువ భాగం ఆ ‘ముందు’ దగ్గరే నడుస్తుంది.

విడుదలకు ముందే అంత ఎదురుచూపు ఎందుకు?

ఒక్కొక్కరికి ఒక్కో కారణం. దర్శకుడు డెనీ విల్‌నెవ్ అప్పటికే ‘ప్రిజనర్స్’ (2013), ‘సికారియో’ (2015) తీసి ఉన్నాడు. ఉత్కంఠను నిదానంగా బిగించడంలో ఆయనకు ఎంత పట్టుందో వాటిని చూసినవాళ్లకు తెలుసు. అలాంటి మనిషి గ్రహాంతరవాసుల కథ తీస్తే ఎలా ఉంటుందోనన్న కుతూహలం వాళ్లది.

సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ల ఎదురుచూపులో మాత్రం కొంచెం భయం కలిసి ఉండేది. టెడ్ చియాంగ్ 1998లో ప్రచురించిన ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’ దీనికి ఆధారం. ఆ కథకు సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే నెబ్యులా అవార్డు వచ్చింది. అందులో జరిగే సంఘటనలు చాలా తక్కువ. అసలు కథంతా ఒక మనిషి ఆలోచించే తీరు మారిపోవడంలో ఉంది. దాన్ని తెర మీద ఎలా చూపిస్తారు? చూపించలేక ఫైటింగులు కలుపుతారేమో! ఆ భయానికి కారణం లేకపోలేదు. స్క్రీన్‌ప్లే రాసిన ఎరిక్ హైసరర్ ఈ కథను సినిమాగా ఒప్పించడానికి చాలా ఏళ్లు తిరగాల్సి వచ్చింది.

2016 సెప్టెంబర్ 1న వెనిస్ చిత్రోత్సవంలో మొదటి ప్రదర్శన జరిగింది. అక్కడి నుంచి వచ్చిన సమీక్షలతో ఆ భయం చాలావరకు పోయింది, ఎదురుచూపు మిగిలింది.

అంతకు కొద్ది రోజుల ముందు పోస్టర్ల మీద పెద్ద గొడవే జరిగింది. ప్రపంచంలోని వేర్వేరు చోట్ల నౌక నిలిచినట్టు వరసగా పోస్టర్లు విడుదల చేశారు. హాంకాంగ్ పోస్టర్‌లో షాంఘైలోని ఓరియంటల్ పెర్ల్ టవర్ కనిపించింది. హాంకాంగ్ ప్రేక్షకులు భగ్గుమన్నారు, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దేశాలు ఒకరినొకరు సరిగ్గా వినడం గురించి తీసిన సినిమాకు మొదటి వివాదం అలా వచ్చింది.

ట్రైలర్ చూస్తే యుద్ధం సినిమాలా ఉంది. యుద్ధం ఉందా?

లేదు. సైనిక శిబిరం ఉంది, హెలికాప్టర్లు ఉన్నాయి, ఏ క్షణాన ఏ దేశం తొందరపడుతుందోనన్న దడ సినిమా అంతా ఉంటుంది. కానీ నగరాలు కూలవు, ఆకాశంలో పోరాటాలు ఉండవు.

దీన్ని చూసి నిరాశపడ్డవాళ్లలో ఎక్కువమంది ఇంకో సినిమా కోసం టికెట్ కొన్నవాళ్లేనని నా నమ్మకం. వాళ్లను తప్పుపట్టలేం. యుద్ధం వస్తుందన్న ఆందోళననే ముందుపెట్టి ప్రచారం చేశాక జనం యుద్ధం కోసమే వస్తారు. కాబట్టి ట్రైలర్ చూసి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఇద్దరు మనుషులు ఒక గాజు గోడ ముందు నిలబడి, అవతలివాళ్లకు తమ పేర్లు చెప్పడానికి ప్రయత్నించే సినిమా అనుకుని కూర్చోండి. ఆ ప్రయత్నంలోనే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో అప్పుడు తెలుస్తుంది.

చాలా స్లో అంటున్నారు. ల్యాగ్ ఉందా?

నిడివి 116 నిమిషాలే. ఈ రోజుల్లో అది పెద్ద సినిమా కాదు. అయినా నెమ్మదిగానే నడుస్తుంది, అందులో దాచాల్సిందేమీ లేదు. మొదటిసారి నౌకలోకి వెళ్లే సన్నివేశమే తీసుకోండి. హెలికాప్టర్ నుంచి నౌకను దూరంగా చూడటం, రక్షణ దుస్తులు వేసుకోవడం, లిఫ్ట్ మీద పైకి ఎక్కడం, పంజరంలో పిట్టను వెంట తీసుకెళ్లడం, లోపల పైకీ కిందికీ అర్థం మారిపోవడం. ఒక్కో అడుగుకూ సమయం ఇచ్చారు. బ్రాడ్‌ఫర్డ్ యంగ్ కెమెరా ఎక్కడా తొందరపడదు. లూయీస్ ఊపిరి చప్పుడు మన చెవుల్లోనే వినిపిస్తుంటుంది. అదే సన్నివేశాన్ని ఒక్క నిమిషంలో ముగించి ఉంటే వాళ్లెక్కడికి వెళ్లారో మనకు తెలిసేది, ఎంత భయపడ్డారో తెలిసేది కాదు.

సినిమా ఎందుకు నెమ్మదిగా ఉందో చెప్పే సన్నివేశం కూడా సినిమాలోనే ఉంది. పిల్లలకు నేర్పే చిన్న చిన్న మాటలు నేర్పుతూ కూర్చుంటే ఎలాగని కల్నల్ వెబర్ విసుక్కుంటాడు. లూయీస్ బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాస్తుంది: భూమ్మీదకు మీరు ఏ పని మీద వచ్చారు? దాన్ని ముక్కలు చేసి చూపిస్తుంది. ముందు వాళ్లకు ప్రశ్న అంటే ఏమిటో తెలియాలి. ‘మీరు’ అంటే ఎదురుగా ఉన్న ఒక్కరా, అందరూనా అన్నది తెలియాలి. ఆలోచించి చేసే పనికీ అప్రయత్నంగా చేసే పనికీ తేడా వాళ్ల బుర్రల్లో ఉందో లేదో మనకు తెలియాలి. ఆ తర్వాత కదా జవాబు అర్థమయ్యేది! వెబర్‌గా చేసిన ఫారెస్ట్ విటేకర్ ముఖంలో విసుగు పోయి ఒప్పుకోలు వచ్చే ఆ క్షణం నాకు సినిమా మొత్తంలో చాలా ఇష్టం. ఆ సన్నివేశం మిమ్మల్ని పట్టుకుంటే మిగతా సినిమా కూడా పట్టుకుంటుంది. పట్టుకోకపోతే బహుశా ఇది మీ సినిమా కాదు, అందులో ఎవరి లోపమూ లేదు.

సైన్స్ తెలియకపోతే అర్థమవుతుందా?

అవుతుంది. సూత్రాలు, లెక్కలు దాదాపు లేవు. ఓపిగ్గా చూడాలి, అంతే. ఫోన్ చూస్తూ చూస్తే మాత్రం అర్థం కాదు. చిన్న చిన్న షాట్లలో అసలు విషయం ఉంది.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

అమెరికాలో దీనికి పీజీ-13 రేటింగ్ ఇచ్చారు. రక్తపాతం, అసభ్య దృశ్యాలు లేవు. అయితే మొదటి కొన్ని నిమిషాల్లోనే ఒక అమ్మాయి జబ్బుపడి చనిపోవడం చూపిస్తారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, ఇంట్లో అలాంటి జబ్బుతో పోరాడుతున్నవాళ్లు ఈ సంగతి తెలిసే కూర్చోవాలి. చూసినవాళ్ల స్పందనల్లో కన్నీళ్ల ప్రస్తావన అంతగా ఉండేది అందుకే.

క్లైమాక్స్ ఎవరో చెప్పేశారు. ఇక చూడటం దండగేనా?

కాదు. ఏమీ తెలియకుండా చూసేవాళ్లకు దక్కే ఒక కుదుపు మీకు దక్కదు, అది నిజమే. కానీ ముగింపు తెలిశాక చూస్తే ప్రతి సన్నివేశమూ ఇంకోలా కనిపించేలా అల్లిన సినిమా ఇది. అసలు ముగింపు తెలిసినా ప్రయాణం చేయొచ్చా అన్నదే దీని ప్రశ్న. ఇంతకంటే ఇక్కడ చెప్పను.

విమర్శకులు మెచ్చుకున్నారు, మామూలు ప్రేక్షకులకు నచ్చలేదు. నిజమేనా?

సగం నిజం. సమీక్షలను లెక్కగట్టే వెబ్‌సైట్ రాటెన్ టొమేటోస్‌లో విమర్శకుల సానుకూల స్పందన 90 శాతం దాటింది. అమెరికాలో మొదటిరోజుల్లో థియేటర్ నుంచి బయటికొచ్చే ప్రేక్షకులను అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్‌లో మాత్రం ‘బి’ వచ్చింది. ఆ కొలమానంలో ‘బి’ అంటే గొప్ప ఆదరణ కాదు. కానీ ఆ గ్రేడు కొలిచేది ముఖ్యంగా ఒక్కటే: ఏం ఆశించి వచ్చారో అది దొరికిందా? యుద్ధం ఆశించి వచ్చినవాళ్లకు దొరకలేదు.

వసూళ్లు వేరే మాట చెబుతాయి. సుమారు 4.7 కోట్ల డాలర్లతో తీశారు. అమెరికాలో తొలి వారాంతంలో 2.4 కోట్ల డాలర్లు వచ్చాయి, చివరికి ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లు దాటింది. తొలి వారాంతానికీ చివరి లెక్కకూ ఉన్న ఆ దూరం ఒకరికొకరు చెప్పుకోవడం వల్లే వచ్చిందని నేను అనుకుంటాను. చూసినవాళ్లు ఇంకొకరిని పంపారు, కొందరు తామే మళ్లీ వెళ్లారు.

విడుదలైన తేదీ ప్రభావం కూడా ఉంది. అమెరికాలో అధ్యక్ష ఎన్నిక 2016 నవంబర్ 8న జరిగింది. సినిమా నవంబర్ 11న వచ్చింది. రెండుగా చీలిపోయి ఒకరి మాట ఒకరు వినలేని స్థితిలో ఉన్న దేశం ముందుకు, ఎదుటివాళ్ల భాష నేర్చుకోవడమే బతుకుదారి అని చెప్పే సినిమా వచ్చి నిలబడింది. ఆ వారం రాసిన సమీక్షల్లో ఆ బరువు కనిపిస్తుంది. సినిమా తీసినప్పుడు ఎన్నిక ఫలితం ఎవరికీ తెలియదు. అయినా ఆ వారం థియేటర్లో కూర్చున్నవాళ్లకు అది తమ గురించే తీసినట్టు అనిపించింది.

ఆస్కార్ రాలేదా?

ఎనిమిది నామినేషన్లు వచ్చాయి, ఉత్తమ చిత్రం, దర్శకుడు కూడా వాటిలో ఉన్నాయి. గెలిచింది ఒక్కటే, సౌండ్ ఎడిటింగ్‌లో సిల్వాన్ బెల్మార్‌కు. లూయీస్‌గా సినిమాను మోసిన ఎమీ ఆడమ్స్‌కు నామినేషన్ కూడా రాకపోవడం అన్యాయమని అప్పుడే చాలామంది అన్నారు, నేనూ అంటాను. మాటల్లేకుండా, కేవలం కళ్లతో ఒక మనిషికి లోకం కొత్తగా అర్థమవుతున్నట్టు చూపించడం చిన్న పని కాదు.

సంగీతం గురించి కూడా అడుగుతుంటారు. యోహాన్ యోహాన్సన్ నేపథ్య సంగీతాన్ని పోటీకే అనర్హమని తేల్చారు. సినిమా మొదట్లోనూ చివర్లోనూ వచ్చే వయొలిన్ల సంగీతం ఆయనది కాదు. అది మాక్స్ రిక్టర్ అంతకు చాలా ఏళ్ల ముందు చేసిన ‘ఆన్ ద నేచర్ ఆఫ్ డేలైట్’. ఓటేసేవాళ్లు ఏది ఎవరిదో విడదీసి చూడలేరని అకాడమీ భావించింది. సైన్స్ ఫిక్షన్ లోకం మాత్రం 2017లో ఉత్తమ చిత్రానికి హ్యూగో అవార్డు ఇచ్చి గౌరవించింది.

ఇక్కడి నుంచి కథ మొత్తం బయటపెడుతున్నాను. సినిమా చూడనివాళ్లు ఆగండి.

ఆ పాప ఎప్పుడు పుట్టింది? మొదట్లో చూపించింది ఫ్లాష్‌బ్యాక్ కాదా?

కాదు. అందరం ఫ్లాష్‌బ్యాక్ అనే అనుకుంటాం, అనుకునేలాగే తీశారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఒంటరి ఇల్లు, మూగబోయిన ముఖం, ఆ తర్వాత కథ మొదలు. ఎన్నో సినిమాలు చూసిన అలవాటు మనచేత ఆ ముక్కల్ని అలాగే అతికిస్తుంది. నిజానికి నౌకలు వచ్చేనాటికి లూయీస్‌కు పెళ్లి కాలేదు, బిడ్డ లేదు. ఆ దృశ్యాలన్నీ రాబోయేవి. హెప్టాపాడ్‌ల భాష ఒంటబట్టేకొద్దీ ఆమెకు అవి గుర్తొస్తున్నాయి, మనం పాత రోజుల్ని గుర్తుచేసుకున్నట్టే. ఆ పాప తండ్రి ఇయాన్.

థియేటర్లో ఈ సంగతి తెలిసే క్షణానికి ఒకొకరు ఒకో చోట చేరతారు. కొందరికి ముందే అనుమానం వస్తుంది. కొందరికి ఈ పాప ఎవరని లూయీస్ స్వయంగా అడిగినప్పుడు వెలుగుతుంది. కొందరికి ఇంటికెళ్లాక. ముందా వెనకా అన్నదాన్ని బట్టి తెలివిని కొలవకండి. ఎక్కడ అర్థమైనా ఒళ్లు జలదరిస్తుంది.

ఒక భాష నేర్చుకుంటే భవిష్యత్తు కనిపిస్తుందా? ఇది సైన్సా?

కనిపించదు. సినిమా ఒక నిజమైన వాదాన్ని పట్టుకుని దాన్ని ఎంత దూరం లాగగలదో అంత దూరం లాగింది. మాట్లాడే భాష మన ఆలోచనను మలుస్తుందన్న ఆ వాదాన్ని ఎడ్వర్డ్ సపీర్, బెంజమిన్ లీ వోర్ఫ్ పేర్లతో చెబుతారు. భాషే ఆలోచనకు గోడ అన్నంత బలంగా చెబితే భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు. కొంత ప్రభావం ఉంటుందంటే ఒప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, ప్రయోగాలూ ఉన్నాయి.

వాటిలో ఒకటి ఈ సినిమాకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో కూక్ థాయోర్ భాష మాట్లాడేవాళ్లు కుడి, ఎడమల బదులు ఎప్పుడూ దిక్కులే వాడతారు. ఒక మనిషి చిన్నతనం నుంచి ముసలితనం దాకా తీసిన ఫొటోలు ఇచ్చి వరసగా పేర్చమంటే, తాము ఎటు తిరిగి కూర్చున్నా వాటిని తూర్పు నుంచి పడమరకు పేర్చారు. లెరా బొరొడిట్స్కీ, ఆలిస్ గాబీ 2010లో ప్రచురించిన అధ్యయనం ఇది. కాలం ఎటు ప్రవహిస్తుందన్న ఊహ మనుషుల్లోనే ఒకటిగా లేదన్నమాట. అక్కడి నుంచి ‘కాలాన్ని అసలు ప్రవాహంగానే చూడని జీవులు ఉంటే?’ అని అడగడం ఊహే, కానీ గాలిలోంచి పుట్టిన ఊహ కాదు.

భాష విషయంలో సినిమావాళ్లు శ్రద్ధగానే పనిచేశారు. కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించే జెసికా కూన్‌ను సలహాదారుగా పెట్టుకున్నారు. మాయన్ భాషలు మాట్లాడేవాళ్ల మధ్యకు వెళ్లి పనిచేసిన అనుభవం ఆమెకు ఉంది. అందుకే లూయీస్ మొదట తన పేరు రాసి చూపించడం, ఇయాన్‌ను నడిపించి ఆ పనికి మాట నేర్పడం, రక్షణ దుస్తులు తీసేసి ముఖం చూపించడం, ఇవన్నీ నమ్మేలా ఉంటాయి. సిరా పొగలా వ్యాపించి గుండ్రంగా మారే ఆ రాతను చిత్రకారిణి మార్టిన్ బెర్ట్రాండ్ రూపొందించారు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని ఆ వలయాన్ని ఒక్కసారి చూస్తే చాలు, ఈ జీవులు కాలాన్ని ఎలా చూస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

జనరల్ షాంగ్‌కు ఫోన్‌లో ఆమె ఏం చెప్పింది?

షాంగ్ నౌకపై దాడికి సిద్ధమైన చైనా సైన్యాధిపతి, ఆయన్ను ఆపింది లూయీస్ చేసిన ఆ ఫోనే. అందులో చెప్పింది, చనిపోయేముందు ఆయన భార్య అన్న మాట. సినిమాలో అది చైనా భాషలోనే వినిపిస్తుంది, సబ్‌టైటిల్ వేయలేదు. యుద్ధంలో విజేతలంటూ ఉండరు, మిగిలేది వితంతువులేనని ఆ మాటకు అర్థమని హైసరర్ తర్వాత చెప్పారు. సబ్‌టైటిల్ వేయకపోవడమే మంచిదైంది. అది ఆ ఇద్దరి మధ్య మాట, మనకు అర్థం కావాల్సింది షాంగ్ ముఖమే.

దీన్నంటుకునే ఇంకో ప్రశ్న ఉంది. ఆ మాట ఆమెకు ఎలా తెలిసింది? ఏడాదిన్నర తర్వాత ఒక వేడుకలో షాంగే చెబుతాడు. ఆయన ఎందుకు చెబుతాడు? ఆమె అప్పుడు ఫోన్ చేసింది కాబట్టి. అంటే ఆ సమాచారం ఎక్కడా పుట్టలేదు, వలయంలా తిరుగుతోంది. దీన్ని తప్పు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. తర్కంతో చూస్తే వాళ్ల అభ్యంతరం సరైనదే. కానీ ముందూ వెనకా ఉన్న కాలంలోనే కారణం కావాలని అడుగుతాం. ఈ కథ లోకంలో అన్ని క్షణాలూ ఒకేసారి ఉన్నాయి. నాకు ఆ వలయం కంటే పెద్ద ఇబ్బంది వేరే ఉంది: అంత ఓపిగ్గా నడిచిన కథ, చివరి పదిహేను నిమిషాల్లో మాత్రం ఫోన్ కోసం పరుగు, వెనకాల తుపాకులు అన్న మామూలు దారి పట్టింది. సినిమాలో కాస్త బలహీనమైన చోటు అదేనని నా అభిప్రాయం.

చనిపోతుందని తెలిసీ బిడ్డను కనడం స్వార్థం కాదా?

ఎక్కువ వాదన జరిగేది ఈ ప్రశ్న మీదే. భార్యాభర్తలు సినిమా చూసి చెరొక వైపు నిలబడేది కూడా ఇక్కడే.

స్వార్థం అనేవాళ్ల వాదన బలమైనది. ఆ నొప్పి భరించబోయేది లూయీస్ ఒక్కతే కాదు, ఆ పిల్ల కూడా. ఆ పిల్లను ఎవరూ అడగలేదు. ఇయాన్‌కు బిడ్డ పుట్టకముందే చెప్పి ఉంటే ఆయనకూ ఒక నిర్ణయం ఉండేది. ఆమె పుట్టాక ఎప్పుడో చెప్పింది, ఆయన తట్టుకోలేక విడిపోయాడు. ఆమె తప్పు నిర్ణయం తీసుకుందన్నాడు. సినిమా ఇయాన్‌ను చెడ్డవాడిగా చూపించదు, అది గమనించాలి. ఆయన కోపానికి అర్థముందని సినిమాకూ తెలుసు.

రెండోవైపు వాళ్లు అడిగేది ఇది: పుట్టేవాళ్లెవరికి మరణం లేదు? ప్రతి తల్లీ ఆ సంగతి తెలిసే కంటుంది, తేదీ ఒక్కటే తెలియదు. తేదీ తెలిసినంత మాత్రాన మధ్యలో ఉన్న ఆటలు, బొమ్మలు, గొడవలు, నిద్రపోయే ముందు కబుర్లు విలువ కోల్పోతాయా?

అసలు ఆమెకు ఎంచుకునే వీలుందా అన్నది మూడో ప్రశ్న. భవిష్యత్తు కనిపించిందంటే అది జరిగి తీరుతుంది, కాబట్టి నిర్ణయమే లేదని కొందరంటారు. సినిమా ఈ విషయంలో తలుపు కాస్త తెరిచే ఉంచింది. కానీ చివర్లో ఇయాన్ బిడ్డ కావాలా అని అడిగినప్పుడు ఆమె అవునంటుంది. ఆ అవును బలవంతం మీద వచ్చినట్టు ఆడమ్స్ ముఖంలో ఎక్కడా లేదు. తెలిసి, కావాలనుకుని అన్న మాట అది. నేను ఆమె వైపే ఉంటాను. ఇయాన్‌కు ముందే చెప్పాల్సిందని కూడా అంటాను.

హెప్టాపాడ్‌లకు భవిష్యత్తు తెలిస్తే, చనిపోతామని తెలిసీ ఎందుకు వచ్చాయి?

ఎవరూ తగినంతగా మాట్లాడుకోని ప్రశ్న ఇది. మోంటానా నౌకలోని రెండు హెప్టాపాడ్‌లకు ఇయాన్ ఆబట్, కాస్టెల్లో అని పేర్లు పెడతాడు. భయంతో కొందరు సైనికులు నౌకలో బాంబు పెడతారు. అది పేలేముందు ఆబట్ లూయీస్‌నూ ఇయాన్‌నూ బయటికి నెట్టి కాపాడుతుంది, తను చనిపోతుంది. ఆ బాంబు సంగతి దానికి కొత్త కాదు. భూమికి బయల్దేరినప్పుడే తెలుసు.

మరో 3000 ఏళ్లకు తమకు మనుషుల సాయం కావాల్సి వస్తుందని, అందుకే ఇప్పుడు తమ భాషను కానుకగా ఇవ్వడానికి వచ్చామని కాస్టెల్లో చెబుతుంది. అంటే ఆబట్ తన చావు తెలిసే వచ్చింది, వచ్చి రోజూ ఓపిగ్గా పాఠం చెప్పింది. లూయీస్ తర్వాత తీసుకునే నిర్ణయాన్ని ఆమె కళ్ల ముందే ఇంకొకరు తీసుకుని చూపించారు. ఆమె వాళ్ల దగ్గర నేర్చుకున్నది లిపి ఒక్కటే కాదు. ఈ వరస అర్థమయ్యాక, పాప కథా గ్రహాంతరవాసుల కథా విడివిడిగా ఉన్నాయన్న ఫిర్యాదును నేను ఒప్పుకోలేకపోతున్నాను.

చదివిన కథకూ సినిమాకూ తేడాలేంటి?

పెద్ద తేడాలే. చియాంగ్ కథలో దేశాల మధ్య ఉద్రిక్తత, షాంగ్, బాంబు లేవు. నౌకల బదులు అద్దాల్లాంటి పరికరాలు దిగుతాయి, వాటి గుండా మాట్లాడుకుంటారు. పాప జబ్బుతో కాకుండా 25 ఏళ్ల వయసులో కొండ ఎక్కుతూ పడిపోయి చనిపోతుంది. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా లోతైనది. జబ్బును ఎవరూ ఆపలేరు, ఒక ప్రయాణాన్ని ఆపొచ్చు. అందుకే కథలో నిర్ణయం మరింత కఠినంగా గుచ్చుకుంటుంది.

కథలో ఫెర్మా సూత్రం కూడా ముఖ్యం. కాంతి ఒక చోటి నుంచి ఇంకో చోటికి తక్కువ సమయం పట్టే దారిలో వెళ్తుంది. ఏది తక్కువో తెలియాలంటే ఎక్కడికి చేరాలో ముందే తెలిసి ఉండాలి కదా అన్న ఆలోచనతో చియాంగ్ హెప్టాపాడ్‌ల మనసులోకి తీసుకెళ్తాడు. సినిమా దీన్ని వదిలేసింది. చదవడానికి బాగుండేది తెర మీద పాఠంలా తేలేది, వదిలేయడమే సరైనది.

కథలోని ఒక చిన్న సన్నివేశం మాత్రం ఈ సినిమాను మళ్లీ మళ్లీ చూసేవాళ్లందరికీ చెప్పాలనిపిస్తుంది. పాపకు కంఠతా వచ్చిన కథే మళ్లీ చదవమంటుంది. నీకు తెలుసు కదా, ఎందుకు చదవాలని తల్లి అడిగితే, వినాలని ఉందంటుంది.

నిజంగా అలాంటి సంపర్కం జరిగితే ఇలాగే ఉంటుందా?

నౌకలు వచ్చి తలుపు దగ్గర నిలబడటం కంటే, ఎంతో దూరం నుంచి ఒక రేడియో సంకేతం రావడానికే అవకాశం ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవాళ్లు భావిస్తారు. ఫ్రాంక్ డ్రేక్ 1960లో మొదలుపెట్టిన అన్వేషణ కూడా రేడియో తరంగాల కోసమే. సంకేతం దొరికితే ఏం చేయాలన్నదానిపై 1989లో అంతర్జాతీయ వ్యోమగామి శాస్త్ర అకాడమీ కొన్ని నియమాలు కూర్చింది. ముందు నిర్ధారించుకోవాలి, అందరికీ చెప్పాలి, దేశాల మధ్య సంప్రదింపులు జరగకుండా ఎవరూ జవాబు పంపకూడదు. వీటికి చట్టబలం లేదు. సినిమాలో ఒక్కో దేశం మిగతావాళ్లతో మాట్లాడే తెరలు ఆపేసి సమాచారం దాచుకునే ఘట్టం ఆ నియమాలు ఎంత సులువుగా చెదిరిపోతాయో చూపిస్తుంది.

చైనావాళ్లు మాజాంగ్ ఆట ద్వారా హెప్టాపాడ్‌లతో మాట్లాడారన్న చిన్న ప్రస్తావన కూడా ఆలోచించదగ్గది. ఆట ద్వారా నేర్పితే ప్రతి మాటా గెలుపోటముల మాటే అవుతుందని లూయీస్ భయపడుతుంది. మనం మొదటి పలకరింపుకు ఏం ఎంచుకుంటామన్నది ఆ తర్వాత జరిగేదంతా నిర్ణయిస్తుంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులు పెట్టారు, అందులో తెలుగూ ఉంది. శుభాకాంక్షలు చెప్పాం, ఏమీ కోరలేదు.

ఇలాంటి సినిమాలకు మొదట మిశ్రమ స్పందనే వస్తుందా?

తరచూ. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ 1968 ఏప్రిల్‌లో మొదటిసారి ప్రదర్శించినప్పుడు లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. స్టాన్లీ కూబ్రిక్ ఆ వెంటనే సుమారు 19 నిమిషాలు కత్తిరించాడు. తర్వాత యువకులు దాన్ని మళ్లీ మళ్లీ చూసి నిలబెట్టారు. కార్ల్ సేగన్ నవల ఆధారంగా 1997లో వచ్చిన ‘కాంటాక్ట్’ ముగింపు మీద ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. ఎన్నో కాంతి సంవత్సరాల దూరం వెళ్లి ఇంత తక్కువ చూపిస్తారా అన్నది ఒక వర్గం కోపం. గ్రహాంతరవాసుల సినిమాకు వెళ్లేటప్పుడు మనసులో ఒక రూపం గీసుకునే వెళ్తాం. ఆలోచనాపరుడైన దర్శకుడు ఆ రూపాన్ని ఇవ్వడు. ఇవ్వనందుకు వచ్చిన కోపం చల్లారాక సినిమా ఏమిచ్చిందో కనిపిస్తుంది, దానికి కొందరికి ఒక రాత్రి పడుతుంది, కొందరికి ఏళ్లు.

రెండోసారి చూసేటప్పుడు ఏం గమనించాలి?

మొట్టమొదట లూయీస్ గొంతు చెప్పే మాటలు. ఇదే నీ కథకు మొదలనుకునేదాన్నని అంటుంది. కీలకం మొత్తం అక్కడే చేతికిచ్చేసింది, మనం అందుకోలేదు. సరస్సు ఒడ్డున ఆమె ఇంటి పెద్ద కిటికీనీ, నౌకలోని తెల్లని తెరనూ పక్కపక్కన ఊహించుకోండి. పాప గీసిన బొమ్మలో అమ్మానాన్నల పక్కన పంజరంలో ఉన్న పిట్టను చూడండి. మొదటిసారి చూసినప్పుడు దుఃఖం అనుకున్న లూయీస్ మౌనం ఈసారి వేరేలా ఉంటుంది. ఆ తొలి రోజుల్లో ఆమెకు ఏ దుఃఖమూ ఇంకా తెలియదు, ఒంటరితనమే ఉంది.

శబ్దం బాగా వినిపించే చోట చూడండి. హెప్టాపాడ్‌ల గొంతులు ఛాతీలో మోగేంత మంద్రంగా ఉంటాయి, ఫోన్ స్పీకర్లో అందులో సగం కూడా వినిపించదు. హెడ్‌ఫోన్స్ ఉన్నా చాలు.